పన్నెండు వేళ్ళ మట్టి

మొగపాలెంలో ఆ ఆదివారం ఒక్క పొయ్యి మీద కూడా చేపల పులుసు ఉడకలేదు. అలాంటి రోజు ఏడాదికి ఒక్కటే వస్తుంది, అది రేవులమ్మ జాతర. ఇది జాతర కాదు, అయినా ఊరు ఊరంతా తెల్లారకుండానే తలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని గుడి ముందు చేరింది. డప్పులవాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. ఫ్రాన్సు నుంచి ఒక మనిషి వస్తోంది. ఆవిడ వచ్చి, అమ్మవారి పాదాలు చూసి, మా మ్యూజియంలో ఉన్న విగ్రహం మీదేనని ఒప్పుకుంటే చాలు, నూట పదిహేనేళ్ళ కిందట ఊరొదిలి వెళ్ళిన రేవులమ్మ తిరిగి వచ్చేస్తుంది.

వెళ్ళిన అనడం మర్యాద కోసం అన్నమాట. నిజానికి ఎత్తుకుపోయారు. యానాంలో దిగిన ఫ్రెంచి దొర ఒకడు, పాత రాళ్ళ మీద పుస్తకాలు రాసే పండితుడట, పడవ వేసుకుని ఏటి వెంట తిరుగుతూ ఇసుక దిబ్బ మీదున్న నల్లరాతి అమ్మవారిని చూసి ముచ్చటపడ్డాడు. ముచ్చటపడినవాడు దణ్ణం పెట్టుకుని పోవచ్చు. వీడు మగవాళ్ళంతా వేటకెళ్ళిన పూట చూసి పలుగులు వేయించాడు. చీలమండల దగ్గర రాయి విరిగింది. పాదాలు పీఠంతో సహా ఇక్కడే ఉండిపోయాయి, మిగతా అమ్మ ఓడెక్కింది. పాడైపోకుండా కాపాడటానికే తెచ్చామని వాళ్ళ పుస్తకాల్లో రాసుకున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అంటే ఇదే.

ఊరు మాత్రం ఆ పాదాలని వదల్లేదు. చుట్టూ చిన్న గుడి కట్టుకుంది. వేసవిలో రెండు నెలల వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగే ముందురోజు, ఏటి ఒండ్రు మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, విరిగిన ఆ చీలమండల మీదే అమ్మకి ఒళ్ళు కడతారు. ఒక పగలూ ఒక రాత్రీ పూజలందుకుని, తెల్లవారి ఆ మట్టి అమ్మ బోటెక్కి, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వెళ్ళి, నీళ్ళలో కలిసిపోతుంది. ఆ తర్వాతే ఎవరి వలైనా నీళ్ళలో పడాలి. ఒళ్ళు కట్టే పని మాత్రం ఒకే ఇంటి కోడళ్ళది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అది సుబ్బాయమ్మ పని.

సుబ్బాయమ్మకి అరవై దాటాయి. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. మనసు వెన్నే కానీ నోటికి గడియ ఉండదు. ఆవిడ తట్ట దించిన వీధిలో బేరానికి రెండు మాటలు, సలహాలకి ఇరవై మాటలు ఖర్చవుతాయి. అలాంటి మనిషి ఆ పొద్దున గుడి అరుగు మీద చివర ఒదిగి కూర్చుని, ఎవరు పలకరించినా తలూపుతోంది. ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. ఒళ్ళు శుభ్రంగానే ఉంది, గుండెల్లోనే రాయి పడింది.

ఆ రాయి పేరు వెండి తొడుగు. సుబ్బాయమ్మ తునిలో చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళి నిన్న సాయంత్రమే దిగింది. వస్తూనే అమ్మకి దణ్ణం పెడదామని గుడికి వెళ్తే, పాదాలు మెరిసిపోతూ కనిపించాయి. పరాయి దేశం మనిషి వస్తుంటే అమ్మ కాళ్ళు విరిగి బోసిగా కనబడితే ఊరికి పరువు తక్కువని, బోటు యజమాని దుర్గాసాయి ద్రాక్షారం నుంచి పనివాళ్ళని తెచ్చి, పీఠం నుంచి చీలమండల పైదాకా వెండి రేకు తొడిగించి, కదలకుండా లోపలంతా సిమెంటు పోయించాడు. భక్తిలో లోటు లేదు. ఫ్రాన్సు మనిషి చూడటానికి వస్తున్నదే ఆ విరిగిన చోటు అన్న సంగతి మాత్రం సుబ్బాయమ్మకి తప్ప ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు, ఆవిడ చూసేసరికే సిమెంటు గట్టిపడిపోయింది. పదిమందీ చుట్టూ నిలబడి బాగుంది బాగుంది అని కొబ్బరికాయలు కొట్టారు.

ఈ కథకి అసలు కారణం అలేఖ్య అనే అమ్మాయి. రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెబుతుంది. రెండేళ్ళ కిందట ఆ మ్యూజియం వాళ్ళు తమ దగ్గరున్న బొమ్మలన్నీ ఇంటర్నెట్టులో పెడితే, అందులో పాదాల్లేని నల్లరాతి స్త్రీమూర్తి ఆమె కంటబడింది. కింద 'గోదావరి ముఖద్వారం వద్ద' అని ఒక్క ముక్క. గోదావరికి ముఖద్వారాలు ఒకటా రెండా? పాలెం పాలెం తిరుగుతూ చివరికి ఇక్కడికి వచ్చి, సుబ్బాయమ్మ చేతిలో ఫోను పెట్టింది. సుబ్బాయమ్మ కళ్ళజోడు సవరించుకుని చూస్తే, ఉప్పుగాలికి ముక్కూ నోరూ ఎప్పుడో అరిగిపోయిన ముఖం. ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత ఆవిడ అడగకుండానే ఒక మాట చెప్పింది. "కింద చూడండమ్మా. మా దగ్గరున్న పాదాలకి ఎడం పక్క బొటనవేలు పట్టేంత గుంట ఉంటది. కుడి పక్క మేక కొమ్ములాగా పైకి లేచుంటది. నేనెప్పుడూ మట్టి అక్కడే ముందు నొక్కుతాను."

అలేఖ్య ఇంకో ఫోటోకి జరిపి అడుగుభాగం చూపిస్తే, పాదాల మీద గుంట ఉన్నచోట విగ్రహానికి బొడిపె, పాదాల మీద కొమ్ము ఉన్నచోట విగ్రహానికి గుంట. అచ్చు సుబ్బాయమ్మ కట్టే మట్టికి అడుగున పడే అచ్చే. ఆ రోజు నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. మొగపాలెం ఫోటోలు చూసి మ్యూజియం వాళ్ళు పోలిక ఉందన్నారు గానీ, ఫోటోలో కొలత తేలదన్నారు. చివరికి తమ మనిషిని పంపుతామని, ఆమె విగ్రహం అడుగుభాగానికి ప్లాస్టిక్కులో నకలు తెస్తుందని, అది పాదాల మీద సరిగ్గా కూర్చుంటే తిరిగి ఇచ్చేస్తామని రాశారు. మొగపాలెంలో కొలవడానికి ఆమెకి దొరికేది ఒకే ఒక్క రోజు. ఆ రోజు ఈ ఆదివారమే.

పదింటికి కారు వచ్చింది. డప్పులు ఒక్కసారి మోగాయి. దిగిన మనిషి పేరు క్లేర్, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, భుజాన గుడ్డ సంచితో ఉంది. ఎవరూ చెప్పకుండానే గుడి బయట చెప్పులు విప్పింది, దాంతో ఊరి ఆడవాళ్ళు సగం ఆమె పక్షం అయిపోయారు. అలేఖ్య వెనకే దిగి, అందరికీ నమస్కారాలు పెడుతూ లోపలికి తొంగి చూసి, ఉన్నపళంగా ఆగిపోయింది.

"ఏంటండీ ఇది?"

దుర్గాసాయి ఎంతో సంబరంగా అమ్మకి కొత్త కాళ్ళండీ అన్నాడు. ఆ తర్వాత అలేఖ్య ముఖం చూసి, ఆమె చెప్పింది విని, అతని ముఖంలోని రంగు కాళ్ళలోకి దిగిపోయింది. వెంటనే తాపీమేస్త్రిని పిలిపించారు. మేస్త్రి దణ్ణం పెట్టుకుని ఉలి ఆనించి రెండు దెబ్బలు కొట్టాడు. సిమెంటు పెచ్చుతో పాటు గోరంత నల్లరాయి ఊడివచ్చింది. జనం ఒక్కసారి అయ్యో అన్నారు. మేస్త్రి ఉలి కింద పడేసి, తనని చంపినా మళ్ళీ దెబ్బ వేయనన్నాడు. క్లేర్ కూడా చేయి అడ్డం పెట్టి వద్దంది. అది నెలల తరబడి మందులతో మెత్తబరుస్తూ తీయాల్సిన పని అని, తన రిపోర్టులో ఈసారికి సరిపోల్చడం కుదరలేదని రాస్తానని అలేఖ్యతో చెప్పింది. మళ్ళీ ఎప్పుడు వస్తారని అడిగితే, మ్యూజియం పెద్దల్లో ఇవ్వొద్దనేవాళ్ళే ఎక్కువనీ, ఈ రిపోర్టు చూశాక వాళ్ళు ఫైలు మూసేస్తారనీ ఉన్నమాట చెప్పేసింది.

డప్పులు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియలేదు. దుర్గాసాయి గుడి మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. అమ్మ మన మీద అలిగే ఉందని, కరోనా ఏడాది నుంచీ ఏ పనీ కలిసిరావడం లేదని, ఆ ఏడాది సాగనంపడంలోనే ఏదో లోటు జరిగిందని ముసలివాళ్ళు గొణిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సుబ్బాయమ్మ ఉలిక్కిపడింది. ఎందుకంటే, ఆ లోటు చేసిన మనిషి ఆవిడే.

కరోనా ఏడాది జనం పోగవకూడదని పోలీసులు కట్టడి చేశారు. జాతర లేదు, డప్పుల్లేవు. సుబ్బాయమ్మ ఒళ్ళు కట్టింది, పూజ ముగించింది, నువ్వొక్కదానివే తీసుకెళ్ళి కలిపెయ్యమని పెద్దలు ఒప్పజెప్పారు. అదే రోజు ఆవిడ మొగుడు భీమరాజు కాకినాడ ఆసుపత్రిలో ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. సుబ్బాయమ్మ అమ్మని పడవలో పెట్టుకుని ఒక్కతే బయల్దేరింది గానీ, నడి ఏట్లో తెడ్డు ఆడలేదు. మా ఆయన ఇంటికొచ్చేదాకా నువ్వు కదలడానికి వీల్లేదమ్మా అని అమ్మతో గట్టిగా తగువుపడి, వెనక్కి తెచ్చి, పాత చీరలో చుట్టి అటకెక్కించింది. పదిహేడు రోజులకి భీమరాజు ఇంటికొచ్చాడు. అప్పటికి బోట్లన్నీ వేటకెళ్ళి వస్తున్నాయి. ఆలస్యంగా కలిపితే అరిష్టమట, కలపలేదని చెబితే ఊరు ఊరుకోదు. ఆ మరుసటేడు దుర్గాసాయి బోటు మొగలో తిరగబడి, ఇంజను సముద్రం పాలై, అతను ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని రెండు గంటలు ఈది ఒడ్డునపడ్డాడు. ఆనాటి నుంచి సుబ్బాయమ్మది తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది.

ఇప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చుని చూస్తోంది. క్లేర్ ప్లాస్టిక్ నకలుని గుడ్డలో చుడుతోంది. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆ సంచి మూత పడుతుంది. అటక మీదున్న అమ్మ అడుగుభాగం మీద, వెండి పడకముందు, సిమెంటు పడకముందు, ఆ విరిగిన చోటంతా అచ్చుగా దిగి ఉంది. ముట్టుకోకుండానే, తడిమి చూస్తున్నట్టు ఆవిడ వేళ్ళకి తెలుస్తోంది. చెబితే ఊరు కాకుల్లా పొడుస్తుంది. చెప్పకపోతే రేవులమ్మ ఆ చలి దేశంలో గాజుపెట్టెలోనే ఉండిపోతుంది.

సుబ్బాయమ్మ లేచింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవడం ఊరు చాలా ఏళ్ళుగా చూడలేదు. ఇంట్లోకి వెళ్ళి నిచ్చెన వేయమంటే, మంచం మీద కూర్చున్న భీమరాజు ఎందుకే అన్నాడు. ఎక్కి ఆ మూల చీర మూట జాగ్రత్తగా దించు, పసిపిల్లని దించినట్టు దించు అంది. దించి, మడత తొలగించి, అందులో పసుపు చారలతో అమ్మవారి ముఖం కనబడేసరికి భీమరాజు మంచం కోడు పట్టుకున్నాడు.

"ఓసినీ, అయిదేళ్ళ నించీ నేను ఆవిడ కిందా పడుకుంటున్నాను?"

యానాం నుంచి తెచ్చుకున్న మందు సీసాలన్నీ ఆ మంచం మీదే కదా ఖాళీ అయ్యాయని గుర్తొచ్చి, అతను గబగబా లెంపలు వేసుకున్నాడు. ఆవిడ నీ కోసమే ఆగింది, ముందు ఆ చివర పట్టుకో అంది సుబ్బాయమ్మ. ఇద్దరూ కలిసి మూటని చేపల తట్టలోకి ఎత్తారు. ఆవిడ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. తట్ట తల మీదికి రాగానే మెడ నిటారుగా నిలబడింది.

గుడి దగ్గర కారు తలుపు తీసి ఉంది. సుబ్బాయమ్మ తిన్నగా దానికి అడ్డంగా వెళ్ళి నిలబడి, తట్ట దింపించుకుని చీర విప్పేసింది. జనం చుట్టూ మూగారు. ఆవిడ అందర్నీ వదిలి ఒక్క దుర్గాసాయి వైపే తిరిగింది.

"కరోనా ఏడాది అమ్మని నేను సాగనంపలేదురా. మా ఆయన కోసం ఆపేశాను. నీ బోటు తిరగబడ్డ పాపం నాదే. తరవాత నన్నేం చేత్తారో చెయ్యండి, ముందు ఆవిణ్ణి కొలవనియ్యండి."

వెనకనుంచి ఎవరో తిట్టబోతే దుర్గాసాయే చెయ్యెత్తి ఆపాడు, ఎందుకు ఆపాడో అతనికీ తెలిసినట్టు లేదు. అలేఖ్య మాత్రం అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, క్లేర్‌కి ఊపిరి తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పేస్తోంది. ఒళ్ళు కట్టేముందు పాదాలకి ఆముదం రాస్తారు గనక మట్టి అంటుకోకుండా ఊడివస్తుందనీ, రాయి విరిగిన తీరు ఉన్నదున్నట్టు అడుగున దిగుతుందనీ సుబ్బాయమ్మ చెబుతుంటే, ఆ ముక్కలన్నీ అటు చేరవేసింది.

నలుగురు కలిసి మట్టి అమ్మని మెత్త మీద పడుకోబెట్టారు. క్లేర్ గుడ్డ విప్పి నకలుని పక్కన పెట్టింది. ఎడం పక్క బొడిపె, ఇక్కడా బొడిపె. కుడి పక్క గుంట, ఇక్కడా గుంట. వెనక వంపులో చిన్న మెట్టు ఉంటే, ఇక్కడా మెట్టు. జనంలో గుసగుస మొదలై కేకలదాకా వచ్చింది. డప్పు పుల్ల ఒకటి ఆగలేక టక్కుమని మోగింది. క్లేర్ కళ్ళు మెరుస్తున్నాయి గానీ, ఆమె తొందరపడే మనిషి కాదు. రెండు దవడల కొలత పరికరం తీసి నకలు మీద బొడిపె నుంచి గుంటదాకా కొలిచింది. పన్నెండు సెంటీమీటర్లు. మట్టి మీద కొలిచింది. పదకొండు. మళ్ళీ కొలిచింది. పదకొండే. పెదవి కొరుక్కుని తల అడ్డంగా ఊపింది. పోలిక ఆశ్చర్యంగా ఉంది కానీ, సెంటీమీటరు తేడా అంటే తన పెద్దలు ఒప్పుకోరని అలేఖ్య తెలుగులో చెప్పింది.

సుబ్బాయమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఇంత చదువుకున్న మనిషికి ఇది తెలియదా?

"మట్టి ఎండితే తగ్గదాండీ? పన్నెండు వేళ్ళ మట్టి ఎండితే పదకొండు వేళ్ళే మిగులుద్ది. మా అత్త నాకు మొదటిరోజే చెప్పింది. తగ్గినా ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ తగ్గదు, ఒళ్ళంతా ఒకేలాగ తగ్గుద్ది. కావాలంటే అన్నిచోట్లా కొలుచుకోమనండి."

అలేఖ్య ఈ మాట సగం చెప్పేలోపే క్లేర్ మళ్ళీ వంగింది. అడుగు వెడల్పు నకలు మీద ఇరవైనాలుగు, మట్టి మీద ఇరవైరెండు. వెనక మెట్టు అక్కడ ఆరు, ఇక్కడ అయిదున్నర. ఆమె కొలవడం, అలేఖ్య ఫోనులో లెక్క వేయడం, వెనక నిలబడ్డవాళ్ళు అంకె వినగానే ముందువాళ్ళ భుజాల మీద చరచడం. తొమ్మిది చోట్ల కొలిచారు. తొమ్మిది చోట్లా పన్నెండుకి పదకొండే. తొమ్మిదోది పూర్తయ్యాక క్లేర్ పరికరం పక్కన పెట్టి, అలాగే నేల మీద కూర్చుండిపోయి, మట్టి అంటిన చేతుల్లో ముఖం దాచుకుని నవ్వడం మొదలుపెట్టింది. అలేఖ్య చెప్పక్కర్లేకుండానే ఊరికి అర్థమైపోయింది. డప్పులు దుమ్ము లేచిపోయేలా మోగాయి. ఆడవాళ్ళు సుబ్బాయమ్మని ముద్దులు పెట్టుకున్నారు. భీమరాజైతే తానే అయిదేళ్ళూ కాపలా కాసినట్టు అందరికీ అటక కథ చెప్పుకొస్తున్నాడు.

ఆ సందట్లో దుర్గాసాయి దగ్గరికి వచ్చాడు. సుబ్బాయమ్మ తల దించుకుంది.

"అత్తా, అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది గనకే నేను ఒడ్డుకొచ్చానేమో." అంతవరకే అని, అతను ఆవిడ కాళ్ళ దగ్గరున్న చీర తీసి మట్టి అమ్మకి ఎండ తగలకుండా కప్పాడు. సుబ్బాయమ్మకి అప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అంతా బాగుందనుకుంటుండగా క్లేర్ ఒక కోరిక కోరింది. ఈ మట్టి విగ్రహం తనతో పంపిస్తే, అక్కడ యంత్రాల మీద అసలు విగ్రహంతో సరిచూసి, మూడు నెలల్లో జాగ్రత్తగా తిరిగి పంపిస్తారట. కాగితం రాసిస్తారట, ఇన్సూరెన్సు కూడా చేస్తారట. ఆమె మనసులో మోసం లేదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. సంబరంలో ఉన్న పెద్దలు సరేనని తలలూపేశారు. దుర్గాసాయి కూడా మంచి చెక్క పెట్టె చేయిస్తానన్నాడు.

సుబ్బాయమ్మ మట్టి అమ్మ గుండె మీద అరచేయి ఆనించింది. ఈసారి నోటికి గడియ లేకపోవడం ఊరికి కలిసొచ్చింది.

"ఒక అమ్మని పట్టుకెళ్ళారు. సాక్ష్యం చెప్పడానికొచ్చిన అమ్మని కూడా పట్టుకెళ్తారాండీ? కొలవాల్సిన అక్కర మీది. ఆవిణ్ణే ఇక్కడికి తీసుకురండి, పక్కపక్కన పెట్టి కొలుద్దాం."

అలేఖ్య ఒక్క అక్షరం మెత్తబరచకుండా ఆ మాటని ఇంగ్లీషులోకి దించింది. క్లేర్ సంచిలోంచి కాగితాలు తీసి, కొలతలన్నీ సరిపోయాయని తన రిపోర్టు ఆ గుడి మెట్ల మీదే కూర్చుని రాసింది. వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో ప్లాస్టిక్ నకలు లేదు. దాన్ని సుబ్బాయమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

ఏడాదిన్నర పట్టింది. నిపుణులు వచ్చి నెలల తరబడి కూర్చుని వెండినీ సిమెంటునీ గోరుతో గీకినంత ఓపిగ్గా తీసి, మేస్త్రి ఉలికి ఊడిన పెచ్చుని అతికించారు. అమ్మ ఊళ్ళోనే ఉండటానికి ఇనప తలుపులు, కాపలా మనిషి అంటూ అలేఖ్య ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో లెక్కలేదు. చివరికి వేట నిషేధం ముగిసే ముందురోజు పెద్ద చెక్కపెట్టె యానాం వంతెన దాటి వచ్చింది. నల్లరాతి అమ్మని పాదాల మీద నిలబెడితే బియ్యపుగింజ దూరే సందు లేదు. ఆ పూట సుబ్బాయమ్మకి ఒళ్ళు కట్టే పని లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మర్నాడు తెల్లవారి ఊళ్ళో బోట్లన్నీ ఒకేసారి కదిలాయి. ముందు బోటు దుర్గాసాయిది, కొత్త ఇంజనుది. అందులో సుబ్బాయమ్మ ఒళ్ళో కరోనా ఏటి మట్టి అమ్మ ఉంది, కొత్త చీర కట్టుకుని. మొగ దగ్గర ఇంజను ఆపారు. "మాట తప్పాను, కోపం పెట్టుకోకమ్మా. ఆవిడొచ్చేసింది, ఇంక నువ్వెళ్ళిరా" అంటూ సుబ్బాయమ్మ రెండు చేతులా అమ్మని నీళ్ళలోకి దించింది. ఆరేళ్ళు ఎండిన మట్టి దాహంగా నీళ్ళు తాగుతూ, బుడగలు వదులుతూ, కాసేపు ఆవిడ చేతుల్లోనే ఆగింది. తర్వాత బరువెక్కి వేళ్ళ సందుల్లోంచి జారింది. సుబ్బాయమ్మ నీళ్ళలో చేతులు కడుక్కుని, వల వెయ్యరా అంది.